మన ఫోటోతో మనమే జిగ్‌సా పజిల్ చేసుకోవడం ఎలా

ఫోన్‌లో ఉన్న ఒక ఫోటో, దానికి ఏ4 సైజు కలర్ ప్రింటు, గట్టి అట్ట, ఫెవికాల్, స్టీలు స్కేలు, కట్టర్. ఇవి ఉంటే చాలు, ఇవాళ సాయంత్రం అతికించి రేపు కోసి పిల్లల చేతికి పజిల్ ఇచ్చేయొచ్చు. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెబుతాను. షాపులో కొన్న పజిల్స్ కూడా మా క్లాసులో ఉన్నాయి. వాటి మీద మంచు కొండలో, ఏ దేశానివో తెలియని కోటలో, కార్టూన్ బొమ్మలో ఉంటాయి, పిల్లలు ముక్కలు కలిపేసి మారు మాట లేకుండా పక్కన పెట్టేస్తారు. ఒకసారి మా వారపు సంతలో తీసిన ఫోటోతో నేనే చేసి ఇచ్చాను. నాలుగు ముక్కలు కలిశాయో లేదో ఒక పాప "టీచర్, ఇది మా మామ్మ కూకునే చోటు కాదేటి?" అంది. ఇంక ఆ పూటంతా ఎవరు ఏం అమ్ముతారు, వంకాయలు ఎవరివి, ఆ గొడుగు ఎవరిది అని ఒకటే మాటలు. అందుకే మీ పిల్లలకు చేసే మొదటి పజిల్ మీ ఊరి ఫోటోతోనే చేయమంటాను.

ముందు ఫోటో ఎంచుకోవడం. తొందరపడకూడని చోటు ఇదే, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే తర్వాత ఎంత బాగా కోసినా లాభం ఉండదు. నేను మొదటిసారి కళింగపట్నం బీచ్ ఫోటో తీసుకున్నాను. పైన ఆకాశం, కింద సముద్రం, ఓ మూల లైట్‌హౌస్. ఫోన్‌లో చూసుకుంటే ఎంత బాగుందో. 24 ముక్కలు కోశాక చూస్తే అందులో సగానికి పైగా ఉత్త నీలం రంగే, ఏది ఎక్కడిదో నాకే తెలియలేదు. పిల్లలు కాసేపు అటూ ఇటూ తిప్పి వదిలేశారు, వాళ్ల ముఖాలు చూసి నాకు చాలా బాధనిపించింది. అప్పటి నుంచి ఫోటో మీద మనసులోనే గళ్లు గీసుకుని ఒక్కో గడిలో ఏముందో చూసుకుంటున్నాను. ప్రతి గడిలోనూ ఏదో ఒక వస్తువో, గీతో, రంగు మార్పో ఉండాలి. అదే బీచ్‌లో ఒడ్డుకు లాగిన పడవలను దగ్గరగా తీస్తే, వాటి మీద రంగుల చారలు, రాసిన పేర్లు, పక్కన కుప్పపోసిన వలలు, తాళ్లు అన్నీ వస్తాయి, చక్కటి పజిల్ అవుతుంది.

విజయనగరం వాళ్లయితే గంటస్తంభం దగ్గర నిలబడి, స్తంభంతో పాటు చుట్టూ ఉన్న షాపుల బోర్డులు కూడా పడేలా తీయండి. బోర్డుల మీద అక్షరాలుంటే చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు అదో పెద్ద సాయం, "కిరా" ఒక ముక్కలో "ణా" ఇంకో ముక్కలో దొరికితే వాళ్లే కలిపి చదువుతారు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో తీసిన ఫోటో మీ దగ్గర ఉంటే అది పెద్దపిల్లలకు దాచుకోండి, జనం అంతా చిన్న చిన్న తలలుగా పడతారు కాబట్టి చిన్నపిల్లలకు కష్టం. తేలినీలాపురం పక్షుల ఫోటో కూడా అంతే, కొమ్మ కొమ్మకూ ఒకేలాంటి తెల్ల పక్షులుంటే ఏ పక్షి ఏ కొమ్మదో తెలియదు, ఒకటి రెండు పక్షులే పెద్దగా పడేలా కత్తిరించుకోండి. పొందూరు మగ్గం మీద ఖాదీ నేస్తున్న ఫోటో చూడ్డానికి చాలా బాగుంటుంది గానీ తెలుపు మీద తెలుపు, దాన్ని ఓపికున్న పెద్దవాళ్లకు ఇవ్వాలి.

గుడి ఫోటోల గురించి ఒక మాట. అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం అంటే అందరికీ ఇష్టమే, కానీ దేవుడి ముఖం మీద కట్టర్ పెట్టడానికి నాకు చేయి రాదు, ఇంట్లో పెద్దవాళ్లూ ఒప్పుకోరు, పైగా ముక్కలు నేల మీద పడి కాళ్ల కిందకు పోతుంటాయి. గోపురం, కోనేరు, మెట్లు, బయట పూలకొట్లు తీసుకోండి, సరిపోతుంది. చనిపోయినవాళ్లు ఉన్న ఫోటో కూడా వద్దు, ఎవరి మనసు ఎలా ఉంటుందో చెప్పలేం.

క్లాసు గ్రూప్ ఫోటోతో చేస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు. కాకపోతే ముందు తల్లిదండ్రులకు ఒక మాట చెప్పి, సరే అన్నాకే చేయండి, ఆ ఫోటోను ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్లలో అప్‌లోడ్ చేయకండి. గీత ఎవరి ముఖం మధ్య నుంచీ పోకుండా చూసుకోండి. ఒక్కో ముఖం ఒక్కో ముక్కలో పడేలా ఫోటోను కొంచెం జరిపితే సరిపోతుంది. తన కళ్లు ఒక ముక్కలో, నోరు ఇంకో ముక్కలో ఉంటే మిగతావాళ్లు నవ్వుతారు, ఆ పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడు.

ఇప్పుడు సైజు. చాలా ఫోన్లు ఫోటోను 4:3 కొలతలో తీస్తాయి. అంటే 24 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల ఎత్తు పెట్టుకుంటే ఎక్కడా కత్తిరించకుండా మొత్తం వచ్చేస్తుంది. ఏ4 కాగితం 29.7 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు కాబట్టి చుట్టూ తెల్లటి అంచు మిగులుతుంది, ఆ అంచుతో మనకు తర్వాత పెద్ద పని ఉంది. ఈ 24, 18 కొలతల్లో ఇంకో సుఖం ఏంటంటే భాగాలు చేయడం చాలా తేలిక. నాలుగు నిలువు వరుసలు, మూడు అడ్డ వరుసలు చేస్తే 6 సెంటీమీటర్ల చదరాలు 12 వస్తాయి. ఆరు నిలువు, నాలుగు అడ్డం చేస్తే 4 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తు ఉన్నవి 24. ఎనిమిది, ఆరు చేస్తే 3 సెంటీమీటర్ల చదరాలు 48. అంగన్‌వాడీ వయసు పిల్లలకు నాలుగో ఆరో పెద్ద ముక్కలు చాలు, ఒకటో తరగతికి 12, రెండు మూడు తరగతులకు 24, ఆపైన 48. ఇది మా పిల్లలను చూసి నేను పెట్టుకున్న లెక్క, మీ పిల్లలు చకచకా కలిపేస్తుంటే పెంచేయండి. 24 నాకు బాగా ఇష్టం, ఎందుకంటే ఆ ముక్క పూర్తి చదరం కాదు, దేన్ని నిలువుగా పెట్టాలో పిల్లలకు ఆకారమే చెప్పేస్తుంది.

ఫోటో షాపుకు పంపేటప్పుడు మాత్రం జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది నొక్కి చిన్నది చేసేస్తుంది, ప్రింటులో బొమ్మ మసకబారుతుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 24 సెంటీమీటర్లకు దాదాపు 2835 పిక్సెళ్లు కావాలి. 12 మెగాపిక్సెళ్ల కెమెరా ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది కాబట్టి అసలు ఫోటో మీకు కావలసినదాని కంటే ఎక్కువే. కంప్యూటర్ ఉంటే వర్డ్‌లో ఏ4 పేజీని అడ్డంగా పెట్టి, ఫోటో చొప్పించి, వెడల్పు 24 అని టైపు చేసి, పేజీ మధ్యలో పెట్టి పీడీఎఫ్ చేసుకోండి. ఫోన్‌లోనే చేయాలంటే కాన్వా అనే యాప్‌లో ఏ4 పేజీ తీసుకున్నా సరే. షాపులో ప్రింటు ఇచ్చే ముందు "యాక్చువల్ సైజ్‌లో కొట్టండి, ఫిట్ టు పేజ్ వద్దు" అని గట్టిగా చెప్పండి. నేను చెప్పడం మర్చిపోయిన రోజు ఒక షాపులో బొమ్మను సాగదీసి పేజీ నిండా కొట్టి ఇచ్చారు, కొలతలన్నీ పోయి మళ్లీ డబ్బులు పెట్టుకోవాల్సి వచ్చింది. ప్రింటు చేతికి రాగానే స్కేలు పెట్టి 24 ఉందో లేదో అక్కడే చూసుకోండి.

లేజర్ ప్రింటు అడగండి. ఇంట్లో ఉండే ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీస్తే చాలా రకాల సిరా తడి తగలగానే పాకుతుంది, జిగురులో నీళ్లుంటాయి, పిల్లల చేతులకు చెమట ఉంటుంది. ఇంక్‌జెట్ తప్పదంటే పూర్తిగా ఆరనిచ్చి, పుస్తకాల అట్టలకు వేసే పారదర్శకమైన స్టిక్కర్ షీటు పైన అంటించేయండి. ఫోటో స్టూడియోల్లో కోల్డ్ లామినేషన్ అంటారు, అది చేయిస్తే ఇంకా మంచిది, ముక్కలు తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. వేడి లామినేషన్ కవరు మాత్రం వద్దు, కోశాక అంచుల దగ్గర ప్లాస్టిక్ లేచిపోతుంది.

అట్ట విషయానికొస్తే, పుస్తకాల బైండింగ్ చేసేవాళ్ల దగ్గర దొరికే గట్టి అట్ట, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్నది, అన్నిటికంటే మంచిది. ఏ4 సైజువి రెండు తెచ్చుకోండి. దొరక్కపోతే మిఠాయి డబ్బాల అట్టలు రెండేసి అతికించి బరువు కింద పెట్టి వాడుకోండి. కార్టన్ డబ్బాల అట్టలో లోపల గాలి వరుసలుంటాయి, కట్టర్ పెడితే అంచు నలిగిపోతుంది, అది వద్దు.

అతికించడం సాయంత్రం పూట పెట్టుకోండి. ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి, గరిటెజారుగా చేసి, అట్ట మీదే పూయండి, కాగితం మీద పూస్తే అది తడిసి ముడతలు పడుతుంది. పాత ఏటీఎం కార్డు అంచుతో పల్చగా, మూలల దాకా లాగండి. తర్వాత కాగితాన్ని ఒక వైపు అంచు ముందు ఆనించి, మెల్లగా వాలుస్తూ, మధ్య నుంచి బయటకు గుడ్డతో నొక్కుతూ రండి. మీద ఒక తెల్ల కాగితం వేసి చపాతీ కర్ర దొర్లించండి. అట్ట వెనక కూడా ఒక తెల్ల కాగితం ఇలాగే అతికించండి. చాలామంది వదిలేసే పని ఇది. ఒక వైపే కాగితం ఉంటే ఆరుతూ అది అట్టను తనవైపు లాగేస్తుంది, తెల్లారేసరికి అట్ట అప్పడంలా వంగి ఉంటుంది. రెండు వైపులా ఉంటే లాగుడు సమానమై అట్ట చదునుగా ఉంటుంది. తర్వాత పైనా కిందా ప్లాస్టిక్ షీటు వేసి, దాని మీద బల్లో, బియ్యం బస్తానో పెట్టి రాత్రంతా వదిలేయండి. మనది సముద్రం గాలి, అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను ముసురు పట్టిందంటే ఏదీ ఓ పట్టాన ఆరదు, అలాంటప్పుడు రెండు రాత్రులు ఉంచండి. పైకి ఆరినట్టే ఉన్నా లోపల చెమ్మ ఉంటే కోసేటప్పుడు కాగితం పోగులుగా లేస్తుంది.

ఇక కోత. ఇది పెద్దవాళ్లే చేయాలి, పిల్లలు పక్కన ఉన్నప్పుడు కట్టర్ తీయకండి. కింద పాత ప్లైవుడ్ ముక్కో, మందపాటి అట్టో వేసుకోండి. గచ్చు మీదో, గ్రానైట్ మీదో కోస్తే బ్లేడు మొన నిమిషంలో పోతుంది. కొత్త బ్లేడుతో మొదలుపెట్టండి, మొన మొద్దుబారిందనిపించగానే ఆ ముక్క విరిచేయండి, మొద్దు బ్లేడుతో బలంగా నొక్కినప్పుడే వేళ్లు తెగుతాయి. ప్లాస్టిక్ స్కేలు వద్దు, బ్లేడు దాని మీదకు ఎక్కేస్తుంది.

కోత పద్ధతి కొంచెం ఓపిగ్గా వినండి. బొమ్మ మీద గీతలు గీయక్కర్లేదు. 24 ముక్కలకైతే చుట్టూ ఉన్న తెల్ల అంచు మీద పెన్సిల్‌తో పైనా కిందా 4 సెంటీమీటర్లకు ఒకటి, ఎడమా కుడీ నాలుగున్నరకు ఒకటి చిన్న గుర్తులు పెట్టండి. ఎదురెదురు గుర్తుల మీద స్కేలు ఆనించి, బొమ్మ అంచు దగ్గర మొదలై అవతల బొమ్మ అంచు దగ్గరే ఆగేలా కోయండి, తెల్ల అంచులోకి పోకూడదు. ఒకేసారి తెగాలని నొక్కకండి, మొదటిసారి కాగితం మాత్రమే తెగేంత తేలిగ్గా, తర్వాత అదే దారిలో నాలుగైదుసార్లు. లోపలి గీతలన్నీ అయ్యాకే బొమ్మ చుట్టూ ఉన్న నాలుగు పక్కలూ కోయండి. ముందే చుట్టూ కోసేస్తే బొమ్మ విడిపోయి స్కేలు కింద జారుతూ ఉంటుంది. చివర్లో కోస్తే ముక్కలన్నీ ఒక్కసారి ఊడి వస్తాయి, తెల్ల అంచు చెక్కుచెదరకుండా ఒక చట్రంలా మిగులుతుంది. ఆ చట్రాన్ని రెండో అట్ట మీద ఫెవికాల్‌తో అతికించండి. అదే పజిల్ పెట్టుకునే ట్రే. ముక్కలు తిన్నగా కోసినవి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకోవు, ట్రే లేకపోతే ఒకటి పెడుతుంటే ఇంకోటి జరిగిపోయి పిల్లలకు విసుగొస్తుంది.

షాపు పజిల్‌లా బుడిపెలు కావాలంటే, ముక్క కనీసం 4 సెంటీమీటర్లు ఉన్నప్పుడే ప్రయత్నించండి. గీత మధ్యలో పెన్ను మూత పెట్టి చుట్టూ గీస్తే బుడిపె ఆకారం వస్తుంది. అలాంటి వాటికి రెండు మిల్లీమీటర్ల అట్ట చేతికి లొంగదు, పల్చటి అట్ట తీసుకుని ముందు వరుసలుగా, తర్వాత ముక్కలుగా చిన్న కత్తెరతో కోయాలి. కంప్యూటర్‌లో గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో ఫిల్టర్స్, రెండర్, ప్యాటర్న్ లోపల జిగ్‌సా అని ఉంటుంది, అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని అని చెబితే ఫోటో మీద గీతలు అదే వేసి ఇస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ 24 బుడిపె ముక్కలు చేత్తో కోయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. రోజూ క్లాసులో నలిగే పజిల్‌కు తిన్నటి కోత, ట్రే, ఇవే నా ఓటు.

క్లాసులో వాడేవాళ్లకు ఇంకో రెండు ఉపయోగాలు చెబుతాను.

మొదటిది ఎక్కాలు. ట్రే అడుగున 24 గళ్లు గీసి, గడికొక జవాబు రాయండి, 56, 27, 40 ఇలా. తర్వాత బొమ్మను ట్రేలో పూర్తిగా పేర్చి, ఒక్కో ముక్క ఎత్తి, దాని కింద గడిలో 56 ఉంటే ఆ ముక్క వెనక 7×8 అని రాసి మళ్లీ అక్కడే పెట్టండి. అట్టను బోర్లించి అన్నీ ఒకేసారి రాసేద్దాం అనుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, అందుకే ఒక్కొక్కటీ ఎత్తి రాయాలి. పిల్లలు ముక్క వెనక లెక్క చూసి, జవాబు ఉన్న గడిలో బొమ్మ పైకి వచ్చేలా పెడతారు. అన్నీ సరిగ్గా చేస్తే బొమ్మ వస్తుంది, తప్పు చేస్తే గోపురం మీద గేదె తల కనిపిస్తుంది, మనం దిద్దే పని లేదు. జవాబులు రెండుసార్లు రాకుండా చూసుకోండి, 2×6, 3×4 రెండూ పెడితే రెండింటికీ 12 వచ్చి తికమక అవుతుంది. ఎక్కాల బదులు గేయాలలో పదాలు, ఒత్తులు, వ్యతిరేక పదాలు ఏవైనా పెట్టుకోవచ్చు.

రెండోది జిల్లా మ్యాపు. అసలు ఈ ఆట పుట్టిందే మ్యాపులతో. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే మ్యాపుల తయారీదారు చెక్క మీద మ్యాపు అతికించి, దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మాడు. మనం శ్రీకాకుళం జిల్లా మ్యాపును మండలాల సరిహద్దుల వెంట కోయొచ్చు. పైన ఇచ్ఛాపురం, ఒక పక్క పొడుగునా సముద్రం, మధ్యలో వంశధార, నాగావళి, పిల్లలు తమ మండలం ముక్కను వెతికి ముందు అదే పెడతారు. మ్యాపు మాత్రం 2022 ఏప్రిల్ 4 తర్వాతిదై ఉండాలి. ఆ రోజు నుంచి పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి, పాత మ్యాపుల్లో అవి ఇంకా శ్రీకాకుళంలోనే ఉంటాయి. మ్యాపును ఏ4 మీద చేస్తే చిన్న మండలాలు గోరంత అవుతాయి. అడోబ్ రీడర్‌లో ప్రింటు ఇచ్చేటప్పుడు పోస్టర్ అనే ఎంపిక ఉంటుంది, అది ఒకే బొమ్మను నాలుగు ఏ4 కాగితాల మీదకు పంచి ఇస్తుంది, అంచులు కలిపి అతికిస్తే నలుగురు పిల్లలు నేల మీద చుట్టూ కూర్చుని ఆడుకునేంత పెద్దది అవుతుంది.

దాచడం గురించి కొంచెం. ప్రతి పజిల్‌కూ ఒక రంగు పెట్టుకుని, ముక్కల వెనక ఆ రంగు స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి, రెండు పజిల్స్ కలిసిపోయినా నిమిషంలో వేరు చేయొచ్చు. చీరల కవర్లో, చిన్న గుడ్డ సంచిలో వేసి, పైన చీటీ మీద ముక్కల సంఖ్య రాయండి, లోపల పెట్టే ముందు పిల్లలతోనే లెక్కపెట్టించండి. వానాకాలంలో చెమ్మ తగలని డబ్బాలో ఉంచండి.

ఆ పీడీఎఫ్ ఫైలు మాత్రం ఎప్పటికీ తీసేయకండి. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒకరోజు ఒక ముక్క పోతుంది, బుజ్జి పిల్లలు నోట్లో పెట్టుకుని నమిలేస్తారు కూడా. అప్పుడు అదే పేజీ మళ్లీ ప్రింటు తీసి, పోయిన గడి ఎక్కడుందో కొలిచి ఆ ఒక్క చదరమే కత్తిరించి, అదే మందం ఉన్న అట్ట మీద అతికించి, ట్రేలో ఖాళీ గడికి సరిపోయేలా అంచులు కొంచెం చెక్కండి. రంగు కాస్త కొత్తగా కనిపిస్తుంది. మా సంత పజిల్‌లో అలా చేసిన ముక్క ఒకటుంది, గొడుగు కింద గుమ్మడికాయలున్న ముక్క, పిల్లలు ఎప్పుడూ ముందు దాన్నే వెతుకుతారు.